అరచేతిలో రాగి మచ్చలు

సిఫిలిస్ అనే సుఖవ్యాధి వచ్చినప్పుడు మొదట ఒక పుండు లేస్తుంది. దానికి నొప్పి ఉండదు. నాకు ఆ పుండు కనపడనే లేదు. మగవాళ్లతో పడుకునే మగవాళ్లకు అది చాలాసార్లు మలద్వారం లోపల లేస్తుంది కాబట్టి కంటికి ఆనదు, చేతికి తగలదు. అంటుకున్న మూడు వారాలకు అటూ ఇటుగా వచ్చి, మందూ మాకూ లేకుండానే మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. పుండు మానినా జబ్బు మానదు, క్రిమి అప్పటికే రక్తంలోకి దిగి ఉంటుంది.

నేను కర్నూలులో ఉంటాను. పగలు ఉల్లిగడ్డల మార్కెట్‌లో ఒక మండీ దగ్గర లెక్కలు రాస్తాను. రాత్రి పని వేరే. మసాజ్ అని ఫోన్‌లో పెడితే లాడ్జీకి పిలుస్తారు, లేదంటే హైవే మీద లారీలు ఆగే చోటికి పోతాను. మా ఊరు పత్తికొండ వైపు. వానల్లేక చేను బీడు పడింది, అప్పులున్నాయి. భార్య, కొడుకు ఊర్లోనే ఉంటారు. ఈ పని ఎందుకంటే ఇంతకన్నా పొడుగు జవాబు నా దగ్గర లేదు. రాయాలనుకున్నది జబ్బు గురించి.

ఉగాది దాటి ఎండలు ముదిరిన రోజుల్లో ఒంట్లో నలతగా మొదలైంది. సాయంత్రమైతే సన్నగా జ్వరం, గొంతునొప్పి. గజ్జల్లో బిళ్లలు కట్టినాయి. తర్వాత ఛాతీ మీదా వీపు మీదా ఎర్రగా మచ్చలు లేచినాయి. దురద లేదు, మంట లేదు. కర్నూలు ఎండల్లో ఒంటి మీద ఏం లేచినా అందరూ చెప్పేది ఒకటే, వేడి చేసిందని. మండీలో హమాలీ అన్న సబ్జా గింజలు నానబెట్టుకొని తాగమన్నాడు. ఊరికి పోతే ఆర్‌ఎంపీ అలర్జీకని సూది వేసి మాత్రలు పొట్లం కట్టిచ్చినాడు. మచ్చలు ఆగకుండా అరచేతుల్లోకి, అరికాళ్లలోకి వచ్చినాయి. అక్కడ వాటి రంగు మారింది, రాగి రంగు.

అప్పుడు టౌన్‌లో ఒక చర్మం డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన చొక్కా విప్పించి వీపు చూసినాడు, చేతులు తిప్పి చూసినాడు, పెళ్లయిందా అని అడిగినాడు. అయిందన్నాను. ఆయన అడగాల్సినవన్నీ ఆ ఒక్క మాటతో అయిపోయినాయి. రక్తపరీక్ష రాయలేదు, పూతమందు రాసి పంపినాడు. దురద లేని మచ్చలు అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ వస్తే ఏ డాక్టరుకైనా ముందు గుర్తు రావాల్సింది సిఫిలిస్. ఆ పరీక్షకు ఖర్చు కూడా తక్కువే. పెళ్లయినవాడని, మగవాడని ఎవరితో పడుకుంటావన్న ప్రశ్న వదిలేస్తే మాలాంటివాళ్ల జబ్బు ఏ కాగితం మీదా పడదు.

కొన్ని వారాలకు మచ్చలు వాటంతటవే మాసిపోయినాయి. పూతమందు పనిచేసిందనే నమ్మినాను. తలవెంట్రుకలు మాత్రం అక్కడక్కడ ఊడి, చెదలు కొట్టినట్టు సందులు పడినాయి.

దాన్ని పట్టుకున్నది అక్క. మాలో వయసులో పెద్దవాళ్లను అక్కా అనే పిలుస్తాం. ఆమె హెచ్‌ఐవీ రాకుండా చూసే ప్రాజెక్టులో పీర్‌గా, అంటే మాలో ఒకరుగా ఉంటూ మాకు జాగ్రత్తలు చెప్పే మనిషిగా పనిచేస్తుంది, మాకు కండోమ్‌లు, జెల్ పంచుతుంది. ఒక రాత్రి టీ బంకు ట్యూబ్‌లైట్ కింద నా తల చూసి, రెండు చేతులూ లాక్కొని అరచేతులు చూసింది.

“రేయ్ అబ్బయా, రక్తం చూపిచ్చుకొని ఎన్నాళ్లయింది?”

“నాకేం నొప్పి లేదక్కా.”

“నొప్పి లేనప్పుడే చూపిచ్చుకోవాల. నొప్పుంటే నేను చెప్పాల్నా, నువ్వే ఉరుకుతావు.”

మరుసటి వారం ఆమే దగ్గరుండి సర్కారు ఆసుపత్రిలో సుఖవ్యాధుల క్లినిక్‌కు తీసకపోయింది. అక్కడి కౌన్సిలర్ మేడం తలుపేసి, నా మొహం చూస్తూ మామూలు గొంతుతో అడిగింది. ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా? నోటితోనా, వెనకా, ముందా? కండోమ్ ఎప్పుడూ వాడతావా, కొన్నిసార్లేనా? జ్వరం ఎప్పటినుంచి అని అడిగే గొంతే అది. నాకు నోట మాట రావడానికి కొంచెంసేపు పట్టింది గానీ, వచ్చినాక అంతా చెప్పేసినాను. హెచ్‌ఐవీ పరీక్ష మనం ఒప్పుకుంటేనే చేయాలని, ఫలితం మన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం వచ్చిందని ఆమే చెప్పింది.

సిఫిలిస్ రియాక్టివ్, అంటే ఉన్నట్టు. 64 డైల్యూషన్, అంటే రక్తాన్ని 64 రెట్లు పలచన చేసినా దాని గుర్తు కనపడింది. హెచ్‌ఐవీ నెగెటివ్. కానీ కొత్తగా అంటుకున్న హెచ్‌ఐవీ పరీక్షలో వెంటనే కనపడదు, మూడు నెలలకు మళ్లీ చూడాలన్నారు. సిఫిలిస్ పుండు ఉన్నచోట హెచ్‌ఐవీ సులువుగా లోపలికి పోతుంది. నా భయమంతా దాని మీదే ఉండింది. మేడం తొందరపడకుండా వివరించింది. ఒకవేళ వచ్చినా రోజూ మాత్ర వేసుకుంటే బతుకు ఆగదు. రక్తంలో వైరస్ కనపడనంతగా అణిగి అట్లే ఉంటే, పడుకున్నవాళ్లకు అది అంటదు.

డాక్టరు సార్ పక్కకు తిప్పి పడుకోబెట్టి, చిన్న గొట్టం పెట్టి లోపల కూడా చూసినాడు. లోపల చీము ఉంది, నాకు ఆ సంగతే తెలియదు. గనేరియా గానీ క్లమీడియా గానీ అయ్యుంటుందని, అవీ సుఖవ్యాధులేనని చెప్పి బూడిదరంగు కిట్ ఇచ్చినారు. అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. ఈ రెండు జబ్బులూ వెనక భాగంలో, గొంతులో చేరితే చాలామందికి ఏ గుర్తూ ఉండదు. మూత్రం పరీక్షకు చిక్కవు, ఆ చోటు నుంచే నమూనా తీయాలి. మూత్రం పరీక్ష బాగుందని ధైర్యంగా తిరిగేవాళ్లు మాలో ఎంతమందో.

ఇక సూది. బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. పడుతుందో లేదో తెలుసుకోవడానికి ముందు ముంజేతి మీద చిన్న టెస్టు. తర్వాత రెండు పిర్రలకూ చెరో 12 లక్షలు. చిక్కటి మందు, మెల్లగా ఎక్కిస్తారు, బాగా నొప్పి. అంటుకొని ఏడాది లోపలైతే ఈ ఒక్కసారి చాలు. ఏడాది దాటినా, ఎప్పుడు అంటుకుందో తెలియకపోయినా వారానికొకసారి చొప్పున మూడు వారాలు వేయాలి. సిఫిలిస్‌కు 1943 నుంచి పెన్సిలిన్ వాడుతున్నారు, ఇప్పటికీ ఆ క్రిమి దీనికి లొంగుతూనే ఉంది. వేయించుకోకపోతే ఏళ్ల తర్వాత గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని, మెదడును పట్టుకుంటుంది. కళ్లకు, చెవులకు ఎప్పుడైనా ఎసరు పెట్టొచ్చు.

సూది తీస్తూ సిస్టర్ అన్న మాట నన్ను నిలబెట్టింది. “ఈ రాత్రికి చలిజ్వరం వస్తాది. మందు పడలేదనుకోవద్దు. క్రిములు ఒక్కసారిగా చచ్చినందుకు వచ్చే జ్వరం. పారాసెటమాల్ ఏసుకొని పడుకో, రేపటికి తగ్గిపోతాది.” అన్నట్టే చీకటి పడినాక ఒళ్లంతా వణికింది, తల పగిలిపోయింది, మాసిన మచ్చలు మళ్లీ ఎర్రబడినాయి. తెల్లారి మధ్యాహ్నానికి దిగిపోయింది. ఆమె చెప్పి ఉండకపోతే ఆ మందు నన్ను చంపుతుందని నమ్మి, ఇంకెవర్నీ ఆ సూదికి పోనిచ్చేవాణ్ని కాదు. ఆ ముందుమాట కూడా వైద్యంలో భాగమే అంటాను నేను.

అన్నిటికన్నా కష్టమైంది ఇంటి సంగతి. భార్యను కూడా తీసుకురావాలన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బుంటే బిడ్డ కడుపులోనే పోవచ్చు, బతికినా జబ్బుతో పుట్టొచ్చు. రెండో బిడ్డ గురించి మేం అప్పుడే అనుకుంటున్నాం. ఊరికి పోయి, కొడుకు పడుకున్నాక చెప్పినాను. నా రక్తంలో జబ్బుంది, నీకు అంటుకొని ఉండొచ్చు, ఇద్దరం సూది వేసుకోవాల అని.

“యాడ అంటుకుండె?”

“టౌన్లోనే.”

ఆమె ఇంకేమీ అడగలేదు. పొద్దున్నే బస్సెక్కింది. ఆమె రక్తంలో ఏమీ లేదు. అయినా కొత్తగా అంటుకుంటే పరీక్షలో వెంటనే తేలదని, ఆమెకూ సూది వేసినారు. తర్వాత కొన్నాళ్లు పుట్టింట్లో ఉండింది. తిరిగొచ్చినాక మా ఇద్దరి మధ్య కండోమ్ ఉండాలన్నది ఆమే. రాత్రి పని గురించి ఆమెకు కొంత తెలుసు. మిగిలింది ఎప్పుడు చెప్పాలన్నది మా ఇంటి విషయం.

క్లినిక్ వాళ్లు చెప్పినన్నాళ్లూ రాత్రి పనికి పోలేదు. అప్పుల వాళ్లకు అక్క సర్దింది.

మా పనిలో జబ్బు ఎట్లా వస్తుందో బయటివాళ్లకు తెలియదు. కండోమ్ లేకుండా అయితే డబ్బు ఎక్కువిస్తామంటారు, ఆ నెల వడ్డీ కట్టాల్సిన కుర్రోడు ఏం చేస్తాడు? నోటితో అయితే ఏమీ రాదంటారు. సిఫిలిస్ నోటితోనూ వస్తుంది. జెల్ లేకపోతే కొబ్బరినూనో వాజిలినో పూస్తారు. నూనె తగిలితే రబ్బరు దెబ్బతిని చినుగుతుంది, నీళ్ల జెల్లే వాడాలి. చినిగితే హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందులున్నాయి, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. జేబులో కండోమ్ దొరికితే పోలీసులు పట్టుకుంటారని కొందరు ఉంచుకోరు. కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూడొద్దని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట రాత్రి రోడ్డు మీద నిలబడినవాళ్ల దాకా రావాలి. ఇప్పటి పిల్లలు రోడ్డు మీద నిలబడరు కూడా, అంతా ఫోన్లోనే. అక్కలాంటివాళ్లకు వాళ్లు దొరకరు.

నా సంగతికొస్తే మూడు నెలలకు డైల్యూషన్ 64 నుంచి 16కు దిగింది. తర్వాత 4, ఇప్పుడు 2. నాలుగో వంతుకు గానీ అంతకన్నా కిందికి గానీ దిగితే మందు పనిచేసినట్టు. రెండోసారి కూడా హెచ్‌ఐవీ నెగెటివ్ వచ్చింది. వెంట్రుకలు మళ్లీ మొలిచినాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నాను. టీపీహెచ్‌ఏ అనే ఇంకో పరీక్ష మాత్రం జబ్బు తగ్గినా చాలామందికి జీవితాంతం పాజిటివ్ అనే చూపిస్తుంది. కువైట్ పోవాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం, ఆ మెడికల్‌లో సిఫిలిస్ పరీక్ష కూడా ఉంటుంది. వైద్యం చేయించుకున్న కాగితాలు, డైల్యూషన్ లెక్కలు భద్రంగా దాచుకోవాలి. ఒకసారి వచ్చింది కదా, మళ్లీ రాదని కాదు. ఎన్నిసార్లయినా వస్తుంది. అందుకే గుర్తుల కోసం చూడకుండా తేదీ పెట్టుకొని పరీక్షకు పోతున్నాను.

మొన్న డిగ్రీ చదివే ఒక పిల్లోడిని నాతో పిలుచుకొని పోయినాను. ఫోన్లోనే పని చేస్తాడు, 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చని కూడా తెలియదు. నాకేం లేదన్నా, బాగుండాను అన్నాడు. వాని రక్తంలో సిఫిలిస్ తేలింది, 32 డైల్యూషన్. వచ్చి ఏడాది అయిందో లేదో చెప్పలేకపోయినాడు, అందుకని మూడు సూదులు రాసినారు. మొదటిది పడింది. రాత్రి చలిజ్వరం వస్తాదని దారిలోనే చెప్పి, పారాసెటమాల్ కొనిచ్చి హాస్టల్ దగ్గర దింపినాను.