పెచ్చులూడిన శ్లాబూ, అడ్వాన్స్ తీసుకుని మాయమైన కాంట్రాక్టరూ – నా అనుభవం

మా ఇల్లు కాకినాడలో. మావయ్య గారు 1992లో కట్టించారు. సముద్రం దగ్గరే కాబట్టి ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం మాకు అలవాటే, కానీ కిందటి సంక్రాంతి వెళ్ళిన వారానికి అత్తయ్య గారి గదిలో శ్లాబు పెచ్చు ఊడి సరిగ్గా ఆవిడ తలగడ మీద పడింది. ఆవిడ అప్పుడే కాఫీకి లేచి వంటింట్లోకి వచ్చారు. ఆ ముక్క చేత్తో ఎత్తి చూస్తే రెండు కేజీల పైనే ఉంటుంది, ఇప్పటికీ తలుచుకుంటే నాకు కాళ్ళు వణుకుతాయి.

ఇంక ఆగకూడదని రెండు గదుల శ్లాబు రిపేరు, రెండు బాత్రూంలు, ఇల్లంతా వైరింగు ఒకేసారి చేయించేద్దాం అనుకున్నాం. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో, నెలకి రెండుసార్లు వస్తారు. అన్నీ చూసుకోవాల్సింది నేనే, స్కూల్లో టీచర్ని, సాయంత్రం నాలుగున్నర దాకా ఇంట్లో ఉండను. మా ఆడపడుచు గారి భర్త, అన్నయ్య గారు, తనకి తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన్ని పంపారు. ఆయన ఇల్లంతా ఓ పావుగంట తిరిగి మొత్తం గుత్తకి 6 లక్షల 40 వేలు, 45 రోజుల్లో అప్పజెప్తాను అన్నాడు. అడ్వాన్స్ రెండున్నర లక్షలు. చుట్టాల ద్వారా వచ్చిన మనిషి కదా, కాగితం అడిగితే ఏమనుకుంటాడో అని అడగలేదు. నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే.

మొదటి వారం బాగానే చేశారు, ఆరుగురు వచ్చేవాళ్ళు, పాత టైల్స్ కొట్టేశారు, గోడలు కోశారు. పదో రోజున మెటీరియల్ కి కావాలని ఇంకో లక్ష అడిగితే ఇచ్చాను. అంతే, ఆ మర్నాటి నుంచి ఎవరూ లేరు. పన్నెండు రోజులు. ఇంట్లో ఒక్క బాత్రూం కూడా లేదు, 74 ఏళ్ళ అత్తయ్య గారు పక్కింటికి వెళ్ళి స్నానం చేసి రావాల్సి వచ్చేది. ఫోన్ చేస్తే "ఆయ్, రేపు పొద్దున్నే దింపేస్తానండి కుర్రోళ్ళని" అనేవాడు. నేను గట్టిగా అడిగితే "సార్ తో మాట్లాడతాలెండి మేడంగారూ" అని పెట్టేసేవాడు, తర్వాత మా ఆయనకి ఫోన్ చేసి అంతా బాగా జరుగుతున్నట్టు చెప్పేవాడు. డబ్బు నా అకౌంట్ నుంచే వెళ్ళింది, ఎదురుగా నిలబడి చూస్తున్నది నేను, అయినా నాతో లెక్క మాట్లాడడు. ఇది నన్ను చాలా బాధపెట్టింది. చివరికి మా ఆయన కాంట్రాక్టరుకి ఒక మాట తేల్చి చెప్పారు, ఈ పని గురించి నాకు ఫోన్ చెయ్యొద్దు, ఆవిడ ఏం చెప్తే అదే అని. అది మొదట్లోనే చెప్పాల్సిన మాట.

పన్నెండు రోజుల తర్వాత ఇద్దరు వచ్చారు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అత్తయ్య గారి గదిలో పెచ్చులూడిన చోట నున్నగా ప్లాస్టరింగ్ అయిపోయి ఉంది. ఒక్కరోజులో ఎలా అయింది అని అనుమానం వచ్చి కర్రతో తట్టి చూస్తే డొల్ల శబ్దం. మా వీధి చివర ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, బాబాయ్ గారూ ఒక్కసారి వచ్చి చూడండి అని పిలుచుకొచ్చాను. ఆయన సుత్తితో నెమ్మదిగా రెండు దెబ్బలు వేస్తే కొత్త సిమెంటు మాలు అట్టులాగా ఊడొచ్చింది, వెనకాల ఊచలు తుప్పుతో అలాగే ఉన్నాయి.

ఆయన చెప్పింది ఇక్కడ రాస్తాను, పాత ఇళ్ళున్న వాళ్ళకి పనికొస్తుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ముందున్న దానికంటే రెండింతల పైనే చోటు కావాలి దానికి, అందుకే కింద కాంక్రీటుని తోసేస్తుంది, అదే పెచ్చు. ఆ తుప్పు తియ్యకుండా పైన ఎంత సిమెంటు పూసినా మళ్ళీ ఊడుతుంది. ముందు శ్లాబు కింద దన్నుగా జాకీలు పెట్టాలి. గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి, ఊచ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ రావాలి. వైర్ బ్రష్ తో తుప్పంతా గీకాలి, బాగా సన్నబడిపోయిన ఊచ పక్కన కొత్తది కట్టాలి. ఊచలకి జింక్ ప్రైమర్, తర్వాత పాత కాంక్రీటుకి కొత్త మాలు అతుక్కునేలా బాండింగ్ కోటు, అది పూర్తిగా ఆరిపోకముందే పాలిమర్ కలిపిన మాలు పొరలు పొరలుగా కొట్టాలి. ఆ తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి. మా కాంట్రాక్టరు ఇందులో ఒక్కటి కూడా చెయ్యలేదు. అడిగితే "ముప్ఫై ఏళ్ళ నుంచి ఇలాగే చేస్తున్నామండి" అన్నాడు.

వైరింగులో కూడా అంతే. గీజర్లకీ ఏసీకీ 4 స్క్వేర్ ఎంఎం వైరు అని మాట్లాడుకున్నాం, లాగింది 1.5, అంటే బాగా సన్నది. వైరు మీదే సైజు అచ్చేసి ఉంటుంది, గోడ మూసేయకముందే చదివాను కాబట్టి సరిపోయింది, అదంతా ఆయన చేతే మళ్ళీ లాగించాను. బాత్రూంలో వాటర్ ప్రూఫింగ్ అయిపోయింది, టైల్స్ వేసేస్తాం అన్నారు. బాబాయ్ గారు ఆపించి, డ్రెయిన్ కి గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి 48 గంటలు వదిలెయ్యమన్నారు. మర్నాడు సాయంత్రానికే పక్క గది గోడ అడుగున తడి. "చెమ్మండి, ఎండకి ఆరిపోద్ది" అన్నాడు కాంట్రాక్టరు.

ఆ రోజు నేను అరిచాను, ఏడ్చాను కూడా. దానివల్ల పని ఏమీ జరగలేదు, రెండు రోజులు అలిగి రాలేదంతే. పని జరిగింది లెక్కతో. బాబాయ్ గారు టేపు పట్టుకుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను, ఎన్ని చదరపు అడుగులు చెక్కారు, ఎన్ని పాయింట్లు వైరింగ్ అయింది, ఎన్ని బస్తాలు వాడారు. మొత్తం కలిపితే జరిగిన పని 1 లక్ష 90 వేలు. నేను ఇచ్చింది మూడున్నర లక్షలు, అన్నీ బ్యాంకు ద్వారానే. తేడా 1 లక్ష 60 వేలు. ఫోటోలు తీశాను, తేదీలు కనబడేలా.

తర్వాత 1915 కి ఫోన్ చేశాను, అది కన్స్యూమర్ హెల్ప్ లైన్. ఇల్లు కట్టడం, దానికి సంబంధించిన పని కూడా 2019 వినియోగదారుల చట్టం కింద సేవే, రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వెయ్యొచ్చు, మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఇవన్నీ తెలిసాక ధైర్యం వచ్చింది. లెక్క, ఫోటోలు జతచేసి పదిహేను రోజుల గడువుతో నోటీసు నేనే రాసి స్పీడ్ పోస్టులో పంపాను. అన్నయ్య గారికి కష్టంగా అనిపిస్తుందని తెలుసు, అందుకే ముందు ఆయనకి చూపించే పంపాను. ఆయన చదివి, "నేను పంపిన మనిషమ్మా, నేనే తీసుకొస్తాను" అన్నారు.

నిజంగానే తీసుకొచ్చారు. హాల్లో కూర్చుని నోటుబుక్కు ఒక్కో పేజీ చూపించాను. కాంట్రాక్టరు కాసేపు వాదించి, టేపు తెచ్చి మళ్ళీ కొలుద్దామంటే ఆగిపోయాడు. రెండు బాత్రూంలూ కూలి ఆయనది, మెటీరియల్ నాది, ఆ కూలి 70 వేల కింద లెక్క. 60 వేలు రెండు విడతలుగా వెనక్కి. మిగతా 30 వేలు వదులుకున్నాను, బాధే, కానీ అత్తయ్య గారికి బాత్రూం కావాలి, ఇంకో ఏడాది తిరగలేను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టాం. ఈసారి ఒక్కో దశ చూశాకే తర్వాతది.

శ్లాబు పని మాత్రం ఆయనకి ఇవ్వలేదు. వేరే తాపీ మేస్త్రిని రోజు కూలికి పెట్టుకున్నాను, మేస్త్రికి 1,100, హెల్పర్ కి 750. ఆయన మొదటి రోజే చెక్కి నన్ను పిలిచి "చూడండమ్మా, ఇక్కడ ఊచ సగమే మిగిలింది, కొత్తది కట్టాలి" అని చూపించాడు. నేను అడక్కుండానే. ఆ మాట వినగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మే నెల ఎండలు, స్కూలుకి సెలవులు, రోజుకి నాలుగుసార్లు నిచ్చెనెక్కి నేనే స్ప్రేయర్ తో శ్లాబు అడుగున తడిపాను.

జూన్ రెండో వారంలో రెండో బాత్రూంలో నీళ్ళు నిలబెట్టాం. మూడో రోజు పొద్దున్నే బాబాయ్ గారు వచ్చి గోడ అడుగున అరచెయ్యి ఆనించి చూసి, పొడిగా ఉందమ్మా అన్నారు. ఆ సాయంత్రమే అత్తయ్య గారి మంచం ఆవిడ గదిలోకి మార్చాం. ఆవిడ పడుకునే ముందు పైకి చూసి, కర్ర ఇలా ఇవ్వమ్మా అని తీసుకుని, శ్లాబుని రెండుసార్లు తట్టి, అప్పుడు లైటు తీసెయ్యమన్నారు.