గల్లాపెట్టె దగ్గర కడగవలసింది చేతులనే

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నిత్యావసరాలకు మినహాయింపు ఉండటం వల్ల చిక్కడపల్లిలోని మా కిరాణా దుకాణం తెరిచే ఉండేది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మా నాన్నగారు. ఆయనకు అప్పటికే అరవై దాటాయి, పైగా చక్కెర వ్యాధి. నోట్ల ద్వారా కరోనా అంటుకుంటుందన్న మాట వాట్సాప్‌లో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భయంతో నేను మొదట చేసిన పని, ఆ రోజు వచ్చిన నోట్లన్నిటినీ ఇస్త్రీ చేయడం. ఒక నోటులోని మెరిసే దారం వేడికి ముడుచుకుపోయింది. మరునాడు శానిటైజర్ చల్లాను. ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుందన్న ఎరుక లేకుండా, పొయ్యి ఉన్న వంటింట్లోనే ఆ పని చేశానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. దక్షిణ కొరియాలో కూడా అదే ఏడాది కొందరు నోట్లను వాషింగ్ మెషీన్‌లోనూ మైక్రోవేవ్‌లోనూ వేసి పాడుచేసుకున్నారని తరువాత చదివాను.

నిజానికి నోటు మీద వైరస్ ఎంతకాలం బతుకుతుందన్నది పరిస్థితిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల వద్ద, చీకట్లో ఉంచిన నోట్ల మీద అది 28 రోజుల దాకా నిలిచిందని, 40 డిగ్రీల వద్ద మాత్రం రెండు రోజులకు మించి నిలవలేదని 2020 అక్టోబరులో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మన ఏప్రిల్ ఎండలు ఏ లెక్కలోకి వస్తాయో హైదరాబాదు వారికి వేరే చెప్పనక్కరలేదు. ఉపరితలాన్ని ఒకసారి తాకితే వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువేనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, వైరస్ నోటు మీది నుంచి తానుగా మనలోకి రాలేదు. వేలి మీదుగా నోటికో ముక్కుకో కంటికో చేరాలి. మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా వేలిని నాలుకకు తాకించి నోట్లు లెక్కపెట్టేవారు. నేను ఇస్త్రీ పెట్టె, శానిటైజర్ పట్టుకొని కూర్చున్న ఆ రెండు రోజులూ అసలు దారి నా కళ్ల ముందే తెరిచి ఉంది. బ్యాంకు క్యాషియర్ల దగ్గర ఉండే తడి స్పాంజి డబ్బా ఒకటి తెచ్చి పెట్టాను. ఆ అలవాటు మానడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది.

‘నగదు తీసుకోము’ అని బోర్డు పెట్టమని తమ్ముడు అన్నాడు. డిజిటల్ చెల్లింపులు వాడమని రిజర్వ్ బ్యాంకు కూడా ఆ మార్చిలోనే కోరింది. కానీ ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు ఇచ్చిన 1500 రూపాయలను బ్యాంకు నుంచి తీసుకొని, కొంగున ముడివేసుకొని బియ్యం కోసం వచ్చిన ఆమెను వెనక్కి పంపడం నా వల్ల కాలేదు. పైగా డబ్బు పడిందో లేదో చూడమని చేతికిచ్చే ఫోను మాత్రం ఎవరూ తాకనిదా?

అందుకని నోట్లూ చిల్లరా ఒక స్టీలు పళ్లెంలో వేయమన్నాం. ఆ రోజు వచ్చిన నోట్లను విడిగా పెట్టి, వీలైనంత వరకు మరునాడే వాడాం. గ్లౌజులు తొడిగితే ధీమా పెరిగి అవే వేళ్లతో ముఖం తుడుచుకుంటున్నామని గమనించి మానేశాం. కొంత సేపటికొకసారి లేచి సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడం, కుళాయి దగ్గరకు వెళ్లలేనప్పుడు శానిటైజర్ రాసుకొని అది పూర్తిగా ఆరాకే డబ్బు ముట్టుకోవడం అలవాటు చేసుకున్నాం. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు చీలుస్తుంది. నోటును కడగలేము గాని చేతిని ఎన్నిసార్లయినా కడగవచ్చు. వీటన్నిటికన్నా పెద్ద అపాయం ఎదుట నిలబడి మాట్లాడే మనిషి ఊపిరిలో ఉంది కనుక, మాస్కు లేనిదే లెక్క చెప్పేవాళ్లం కాదు.

స్పాంజి డబ్బా ఇప్పటికీ గల్లాపెట్టె పక్కనే ఉంది. నీళ్లు నిలవ ఉంటే అదే మురికి గుంట అవుతుంది కాబట్టి, నాన్నగారు రోజూ పొద్దున దుకాణం తెరవగానే ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని సబ్బుతో కడిగి మళ్లీ నింపుతారు.