వార్‌గేమ్ బల్ల మీదికి 1942 నాటి మొగామి

విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబును చూసినవాళ్లకి 1942 ఏప్రిల్ 6 గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు మన ఊరి మీదా, కాకినాడ మీదా బాంబులేసిన విమానాలు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచాయి. అప్పుడే బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడుతున్న జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలో మొగామి తరగతి క్రూయిజర్లు (వేగంగా పోయే పెద్ద యుద్ధనౌకలు) నాలుగూ ఉన్నాయి: మొగామి, మికుమా, సుజుయా, కుమానో. ఆ ఏప్రిల్ పోరుని బల్ల మీద చిన్న ఓడలతో ఆడే మన వార్‌గేమ్‌కి ఒకే రకం మోడల్ నాలుగు కావాలి కాబట్టి మోడళ్ల పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఓడ లేదు.

ముందు చూసుకోవాల్సింది అది ఏ ఏడాది రూపమన్నది. 1935లో మొగామికి 155 మి.మీ. తుపాకులు పదిహేను ఉండేవి, టరెట్‌కి (తుపాకులతో పాటు తిరిగే ఉక్కు గది) మూడేసి. 1939-40 నాటికి వాటిని తీసేసి ఐదు టరెట్లలో రెండేసి 203 మి.మీ.వి పెట్టారు. 1942 జూన్‌లో మిడ్‌వే దగ్గర మికుమాని గుద్దుకుని, ఆపై బాంబులు తిన్నాక, వెనక టరెట్లు రెండూ తీసి సీప్లేన్ల డెక్ వేశారు. అది 1943 రూపం. చూడ్డానికి బాగుంటుంది గానీ మన ఏప్రిల్ ఆటకి పనికిరాదు.

1/2400 స్కేల్లో, అంటే అసలు దానిలో 2400వ వంతుగా చేస్తే, ఓడ పొడవు సుమారు 84 మి.మీ., వెడల్పు 8 పైచిలుకు. ఇంత చిన్నదాన్ని బల్ల అవతలి నుంచి గుర్తుపట్టేది ముందున్న మూడు టరెట్ల అమరికతోనే. 1, 2 ఒకే మట్టంలో ఉంటాయి, 3 వాటి వెనక ఎత్తు మీద ముందుకే చూస్తుంది. జపాన్‌దే ఇంకో క్రూయిజర్ రకం తకావో తరగతిలో ఎత్తున ఉండేది 2. 3 వెనక్కి తిరిగి ఉంటుంది. ఇంకో గుర్తు: 203 గొట్టాలు పొడుగు కాబట్టి, రెండో టరెట్ నేరుగా ముందుకి తిరిగినప్పుడు ఒకటో టరెట్‌కి తగలకుండా దాని గొట్టాలు కాస్త పైకెత్తి ఉంచేవారు. మోడల్లోనూ ఎత్తే అంటించండి.

203 మి.మీ. తుపాకి నోరు ఈ స్కేల్లో 0.08 మి.మీ. రెజిన్‌తో చేసే 3డీ ప్రింటులో ఆ లెక్క పాటిస్తే వేలు తగిలితే చాలు, గొట్టం ఊడుతుంది. 0.3 మి.మీ. చేయండి, ఎవరికీ తేడా తెలీదు. మాస్టులకి గిటారు మొదటి తీగ ముక్క సరిపోతుంది. ప్రింటుని ఆల్కహాల్‌తో కడిగాక పూర్తిగా ఆరనిచ్చి అప్పుడే యూవీ కింద పెట్టండి. తడి మీద పెడితే తెల్ల మచ్చలు తేలతాయి. హల్ (ఓడ ఒడలు) వంగితే వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే గాజు పలక మీద నొక్కి చల్లారనివ్వండి.

రంగు సంగతికొస్తే, డెక్‌కి చెక్క రంగు వేయడం అందరూ చేసే పొరపాటు. ఈ క్రూయిజర్ల డెక్ మీద ఉన్నది గోధుమ రంగు లినోలియం (నేల మీద పరిచే పలచని షీటు). టామియా కంపెనీ రంగు ఎక్స్‌ఎఫ్-79 దానికే తయారైంది. లంగరు గొలుసులుండే ముందు భాగం మాత్రం ఉక్కే, అక్కడ బూడిద రంగు. ఒళ్లంతటికీ టామియాదే బూడిద రంగు ఎక్స్‌ఎఫ్-75, నాలుగు చుక్కలకి ఒక చుక్క తెలుపు కలిపి. కలపకపోతే చిన్న మోడల్ నల్లగా కనిపిస్తుంది. పొగగొట్టం అంచు నలుపు. గొట్టాల మొదట్లో కాన్వాస్ తొడుగులకి మాసిన తెలుపు చుక్క పెడితే టరెట్లు దూరానికే లెక్కకి అందుతాయి. లినోలియం మీది ఇత్తడి పట్టీల జోలికి పోకండి. ఈ సైజులో అవి గీతలు కావు, మురికి.

వైజాగ్‌లో అసలు తంటా వార్నిష్‌తో. వానాకాలంలో మ్యాట్ స్ప్రే కొడితే తెల్లగా పాలిపోతుంది: ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ పొరలో చిక్కుకుంటుంది. ఏసీ గదిలో కుంచెతో నీటి వార్నిష్ పూయడమే మేలు. సూపర్‌గ్లూ కూడా ఈ తేమకి తొందరగా బిగుస్తుంది, చుట్టూ తెల్ల పొగలాంటి పూత వదులుతుంది. సూది మొనతో ఒక్క చుక్కే.

బేస్‌కి 2 మి.మీ. యాక్రిలిక్ షీటు, 100 బై 25. నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో కోయించుకోవచ్చు. ఓడ పేరు పైన కాకుండా అడుగున రాయండి. నాలుగింట్లో ఏది మికుమానో ఎదుటివాడికి ముందే తెలియడం దేనికి? సీసం కలిసిన పాత మోడళ్లయితే ప్లైవుడ్ పెట్టెలో దాచొద్దు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకి సీసం తెల్ల పొడిగా రాలిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు, అంతే.