నొప్పి తగ్గిన రాత్రి

కుట్లు విప్పి నాలుగు నెలలైంది. ఇప్పుడు బిందె ఎత్తగలుగుతున్నాను. ఆ రాత్రి గురించి కూర్చుని రాయడానికి కూడా ఇప్పుడే ధైర్యం వచ్చింది.

గురువారం సాయంత్రం బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు మొదలైంది. అన్నం వాసనకే కడుపులో తిప్పింది, రెండుసార్లు వాంతి చేసుకున్నాను. శుక్రవారం ఉదయానికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే నిలిచింది. ఎమ్మిగనూరులో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన బల్ల అవతలే కూర్చుని చీటీ రాస్తూ, "గ్యాసమ్మా. ఆడవాళ్ళు వేళకు తినరు, తర్వాత ఊరికే భయపడతారు" అన్నారు. ఒక ఇంజెక్షన్ ఇచ్చి, మాత్రలు రాశారు. నా పొట్ట మీద చెయ్యి మాత్రం పెట్టలేదు.

పెద్దపేగు మొదట్లో చిన్న తోకలా వేలాడే అపెండిక్స్ వాస్తే నొప్పి ఎక్కడ బాగా తెలుస్తుందో మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ 1889లోనే రాశాడని తర్వాత తెలిసింది. కుడి తుంటి ఎముక మొన నుంచి బొడ్డు వైపు గీత గీస్తే, అంగుళంన్నర నుంచి రెండంగుళాల లోపు. కనిపెట్టడానికి ఒక్క వేలు చాలునట. ఆ వేలు నాకు దొరకలేదు.

రాత్రి పదకొండుకు నొప్పి భరించలేక మోకాళ్ళు గుండెలకు ముడుచుకుని ఏడ్చాను. పన్నెండు దాటాక ఉన్నట్టుండి తగ్గింది. ఎవరో ముడి విప్పినట్టు, ఒక్కసారిగా. "ఉరుకుంద ఈరన్న కరుణించాడు" అని అత్తమ్మ ముడుపు కట్టి దీపం వెలిగించింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను మజ్జిగ తాగి నిద్రపోయాను. అపెండిక్స్ పగిలిన క్షణం అదేనని మాలో ఎవరికి తెలుసు? లోపల బిగిసిన ఒత్తిడి చిల్లు పడి వదిలిపోతే, కాసేపు హాయిగా ఉంటుందట.

మూడు గంటలకు వణుకుతో మెలకువ వచ్చింది. పొట్ట బండలా బిగుసుకుపోయింది. దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుంది. ఊపిరి కూడా పైపైనే పీల్చుకున్నాను. మరిది కారు తెచ్చాడు. గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలు చేరేదాకా రోడ్డు మీద ఉన్న ప్రతి గుంతా నా కడుపులోనే ఉన్నట్టుంది. "మెల్లగా పోనీ నాయనా" అంటాను, వెంటనే "త్వరగా పోనీ" అంటాను.

పెద్దాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకరు నా ముఖం చూస్తూ, "అక్కా, ఒకసారి దగ్గండి" అంది. దగ్గలేకపోయాను. అరచేయి వెచ్చగా ఉందో లేదో చూసుకుని నా పొట్ట మీద ఆనించి, నెమ్మదిగా నొక్కి, చటుక్కున తీసింది. నొక్కినప్పటికంటే తీసినప్పుడే కేక పెట్టాను. "సర్‌ని పిలవండి" అని అరుస్తూ పరుగెత్తింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ఆపరేషన్ గురించి నాకేమీ తెలియదు. పొట్ట మధ్యలో కోసి, పేగుల మధ్య చేరిన చీమునంతా కడిగారట. ముక్కులో ఒక గొట్టం, పక్కన ఇంకో గొట్టం. పేగులు పడుకున్నాయి, అవి లేచేదాకా చుక్క నీళ్ళు ఇవ్వమన్నారు. నాలుగో రోజు గ్యాసు పోయిందని చెబితే, ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని "బతికావు తల్లీ" అంది. ఆమె పేరైనా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తీసిన ముక్కను పరీక్షకు ఇవ్వమని చిన్న సీసాలో పెట్టి మా ఆయన చేతికిచ్చారు. ఫార్మలిన్‌లో నల్లబడిన, చిటికెన వేలంత ముక్క. ల్యాబు దాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచాడట. రిపోర్టు వచ్చేదాకా క్యాన్సరో, పేగుల క్షయో అని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండా భయపడ్డాం. రెండూ కావు. గట్టిపడిన మలం ఉండ ఒకటి దారి మూసేసింది, లోపల వాపు పెరిగి, రక్తం అందక గోడ కుళ్ళి చిల్లు పడింది. జామగింజలు మింగినందుకే ఇలా అయిందని అత్తమ్మ వారం రోజులు అంది. నేను జామకాయ తిని ఏడాదైంది. అప్పుడు కోపం వచ్చింది గానీ, నా మంచం పక్కన నేల మీద పదకొండు రాత్రులు పడుకున్నదీ ఆమే.

రిపోర్టు తీసుకుని ఆ మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చదివి, "ఇప్పుడు బాగున్నావు కదమ్మా" అన్నారు. "చెయ్యి పెట్టి చూసుంటే ఇంత కోత ఉండేది కాదు" అన్నాను. తర్వాతి మనిషిని పిలిచారు.

మీకు చెప్పేది ఒక్కటే. బొడ్డు దగ్గర పుట్టిన నొప్పి కుడివైపు కిందికి జరిగితే, గ్యాసని ఎవరన్నా నమ్మకండి. నొక్కి చూడమని అడగండి. మందు లేకుండా ఒక్కసారిగా మాయమైతే అసలు ఇంట్లో ఉండకండి.

శ్రావణ సోమవారం ఉరుకుంద వెళ్ళి ముడుపు చెల్లించాం. అత్తమ్మ ఆ రాత్రి దీపం పెట్టింది తప్పుడు గడియలోనే కావచ్చు, కానీ ఈరన్న చూడకపోతే మూడింటికి నాకు మెలకువ ఎందుకు వచ్చింది?

మా ఆయనకు ఇంకా భయం పోలేదు. నేను పక్కకు తిరిగితే చాలు, నిద్రలోనే చెయ్యి చాపి నా పొట్ట కుడివైపు నొక్కి, వదిలి, "నొప్పుందా?" అంటాడు. లేదంటే గానీ చెయ్యి తీయడు.