గూటిలో ఏముందని అడిగారు

విమానంలో ఇచ్చిన కార్డులో తిండి పదార్థాలు, విత్తనాలు, జంతువుల నుంచి వచ్చినవి ఏమున్నా రాయమన్నారు. ఉన్నదున్నట్టు రాశాను: ఆవకాయ, కందిపొడి, పట్టుగూళ్ళు. పెర్త్‌లో దిగాక తనిఖీ చేసే అమ్మాయి మొదటి రెండూ చూసి పక్కన పెట్టేసింది. గూళ్ళ దగ్గర ఆగింది. మనవరాలికి చూపిద్దామని తమ్ముడి దగ్గర గుప్పెడు ఎండుగూళ్ళు అడిగి తెచ్చుకున్నాను. ఆమె ఒకటి తీసి లైటు కింద తిప్పి చూసింది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చిన్నప్పుడు మేమూ అలాగే ఊపేవాళ్ళం. లోపల గలగలమంది.

"లోపల ఏముంది?"

"పురుగు."

"బతికే ఉందా?"

"లేదు. ఆవిరి పట్టి చంపేస్తారు. లేకపోతే గూడు చీల్చుకుని బయటికొస్తుంది, దారం తెగిపోతుంది."

వచ్చిన ఇంగ్లీషులో అలా చెప్పాను. కారెక్కాక తట్టింది, చంపేస్తారు అన్నాను గానీ చంపేస్తాం అనాల్సింది.

గూళ్ళు వదలడం కుదరదని ఒక సంచిలో వేసి ఉంచేసుకున్నారు. నాకు కోపం రాలేదు. బయటి తెగులు తమ నేల మీదికి రాకూడదని వాళ్ళు పడే జాగ్రత్త నాకు తెలిసిన జాగ్రత్తే. మాది హిందూపురం దగ్గర పల్లె. మా ఇంట్లో పట్టుపురుగుల షెడ్డులోకి పోవాలంటే ఎంతటి చుట్టమైనా కాళ్ళు కడుక్కుని, గడప దగ్గర చల్లిన సున్నం, బ్లీచింగ్ పొడి తొక్కి పోవాల్సిందే.

మా అమ్మాయి పెర్త్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. గాజు పళ్ళేల్లో కణాలు పెంచడం, వాటికి వేళకు ఆహారం మార్చడం తన పని. 2025 జూన్‌లో నేను వెళ్ళేసరికి అక్కడ చలికాలం, రోజూ వాన. వెళ్ళిన వారానికి ఒక శనివారం పొద్దున అంది: "అమ్మా, ఆర్ట్ గ్యాలరీలో ఒకటి పెట్టారు. చూశాక అది తప్పో ఒప్పో నువ్వే చెప్పు. మా ల్యాబ్‌లో ఎవరూ తేల్చలేకపోయారు." మనవరాలిని అల్లుడి దగ్గర వదిలి ఇద్దరం బయల్దేరాం.

కాక్‌బర్న్ సెంట్రల్ దగ్గర ఎక్కితే రైలు ఫ్రీవే నడిమధ్య నుంచే పోతుంది, అటూ ఇటూ కార్లు. ఊరు దగ్గరపడే కొద్దీ స్వాన్ నది పక్కకి వచ్చేస్తుంది. ఆ రోజు నది మీద వాన సన్నగా పడుతోంది. పెర్త్ అండర్‌గ్రౌండ్‌లో దిగి నాలుగడుగులు నడిస్తే వెస్టర్న్ ఆస్ట్రేలియా ఆర్ట్ గ్యాలరీ.

ఆ గది చీకటిగా ఉంది. చుట్టూ 20 ఇత్తడి పలకలు, వంపు తిరిగి, ఒక్కొక్కటీ మా ఊరి పెళ్ళిళ్ళలో వాడే పెద్ద తాంబాళం కంటే పెద్దది. ఉన్నట్టుండి ఒకటి మోగుతుంది. దాని మోత ఆరకముందే అవతలి గోడ మీద ఇంకొకటి అందుకుంటుంది. గుళ్ళో గంట కొట్టాక చెయ్యి పెట్టి చూస్తే లోహంలో మిగిలే వణుకు ఉంటుందే, అది గదంతా ఉంది. నడుమ ఒక దిమ్మె. దాని మీద అద్దంలోంచి వంగి చూస్తే రెండు తెల్లటి చుక్కలు. సగ్గుబియ్యం గింజలంత అనిపించాయి నా కంటికి. మోగిస్తున్నది అవే.

మా అమ్మాయి చెవిలో చెప్పుకుంటూ వచ్చింది. ఆల్విన్ లూసియర్ అని అమెరికా సంగీతకారుడు. 1965లోనే తలకు ఎలక్ట్రోడ్లు పెట్టుకుని, మెదడు తరంగాలతో డ్రమ్ములు అదిరేలా కచేరీ చేసినవాడు. 2020లో, 89 ఏళ్ళ వయసులో, ఈ పని కోసమే తన రక్తం ఇచ్చాడు. 2021 డిసెంబరులో పోయాడు. ఆ రక్తకణాలను మూలకణాలుగా వెనక్కి మార్చి, వాటి నుంచి మెదడు కణాల ముద్దలు పెంచారు. ఆర్గనాయిడ్లు అంటారట. అవి ఎలక్ట్రోడ్ల వల మీద కూర్చుని ఉన్నాయి. వాటిలో పుట్టే విద్యుత్తు ఇత్తడి పలకలను కొడుతుంది. గదిలో చప్పుడు మైకుల గుండా తిరిగి వాటికి చేరుతుంది. గై బెన్-ఆరీ, నేథన్ థామ్సన్, మ్యాట్ గింగోల్డ్ అనే కళాకారులు, స్టువర్ట్ హాడ్జెట్స్ అనే నాడీ శాస్త్రవేత్త కలిసి చేశారు. పేరు రివివిఫికేషన్, అంటే మళ్ళీ బతికించడం.

అక్కడ కాపలాగా ఉన్న పెద్దావిడ నా చీర కొంగు చూసి చాలా బాగుంది, దేనితో చేశారని అడిగింది. ధర్మవరం పట్టు. చెప్పాను. అంతకుముందైతే పట్టు అని ఊరుకునేదాన్ని. ఆ గదిలో అలా ఊరుకోబుద్ధి కాలేదు. ఇందులో కొన్ని వేల పురుగులున్నాయమ్మా అన్నాను. ఆవిడ కొంగు వదల్లేదు. ఇంకాస్త దగ్గరగా పట్టుకుని చూసింది.

బయట మెట్ల మీద కాఫీ తాగుతూ అమ్మాయి అడిగింది, "ఏమంటావు?"

"ఆయన్ని అడిగారు కదా. ఆయన ఒప్పుకున్నాడు. మన పురుగుల్ని మనం ఎప్పుడడిగాం?"

"ఆయన్ని అడిగారు సరే. ఆ గింజల్ని ఎవరడిగారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వాటికి తెలివి ఉందని చెప్పడానికి ఆధారమేమీ లేదని అదే చెప్పింది. కళ్ళు లేవు, రక్తనాళాలు లేవు, నొప్పి చేరే దారులు లేవు. మెదడు అనడమే ఎక్కువ అంది. కానీ రోజూ కణాలు పెంచే పిల్ల, వాటి ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడటం నేను గమనించాను. లూసియర్ అనుమతి ఆయన కణాలు ఇచ్చేదాకా నిలుస్తుంది. అక్కడి నుంచి పుట్టిందానికి బాధ్యులు పెంచినవాళ్ళే, పిల్లల విషయంలో లాగే. అందుకే ఆ ప్రదర్శన ఆగస్టులో ముగిశాక వాటిని ఏం చేస్తారో గోడ మీద రాసి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపించింది. నేను వెతికినంతలో కనబడలేదు.

తర్వాత అమ్మాయి చెప్పిన సంగతి నన్ను రెండు రోజులు వదల్లేదు.

కణాలు ఉత్త నీళ్ళలో బతకవు. చాలా ఏళ్ళుగా ల్యాబుల్లో వాటికి పోసే ఆహారంలో ఎఫ్‌బీఎస్ అనే సీరం కలుపుతారు. కబేళాలో కోసిన ఆవు చూలుతో ఉంటే, కడుపులోని దూడ రక్తం నుంచి తీసేది. "మా ఫ్రీజర్‌లో సీసాలుంటాయి అమ్మా. తేనె రంగులో ఉంటుంది. మొదటిసారి అదేమిటో తెలిసినరోజు నేను అన్నం తినలేదు, నీకు చెప్పలేదు." సీరం లేకుండా పెంచే పద్ధతులు ఇప్పుడు వస్తున్నాయట. అన్ని కణాలకూ ఇంకా సరిపడటం లేదట.

ఆ సీరం గురించి అందరికంటే ముందు జనం మధ్య మాట్లాడినవాళ్ళలో పెర్త్ కళాకారులే ఉన్నారు. ఓరాన్ కాట్స్, ఇయోనాట్ జర్ దంపతులు 2004లో ఒక కోటు పెంచారు. కుట్టలేదు, పెంచారు. కోటు ఆకారంలో కరిగిపోయే పాలిమర్ అచ్చు, దాని మీద ఎలుక కణాలు. అంగుళాల్లో కొలవాల్సిన కోటు, గాజు బుడ్డిలో వేలాడుతూ. బాధితులు లేని తోలు అని పేరు పెట్టారు. ఆ పేరును నమ్మవద్దని వాళ్ళే రాశారు: పది గ్రాముల కణజాలం పెంచడానికి సుమారు ఒక దూడ సీరం కావాలని లెక్క కట్టి మరీ. 2008లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఆ కోటు అనుకున్నదానికంటే వేగంగా పెరిగి, గొట్టాలకు అడ్డం పడి, ఒక చెయ్యి ఊడొచ్చేలా అయింది. క్యూరేటర్ పావోలా ఆంటొనెల్లి దానికి ఆహారం ఆపించాల్సి వచ్చింది. ఒక మ్యూజియంలో ఒక వస్తువును చంపాలా వద్దా అని మనిషి రాత్రంతా ఆలోచించాల్సి రావడం, నా దృష్టిలో, ఆ కోటు చేసిన అసలు పని.

మర్నాడు ఒక్కదాన్నే బస్సులో క్రాలీ వెళ్ళాను, వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి. 2000లో కాట్స్ మరికొందరితో కలిసి సింబయోటికా అనే ప్రయోగశాలను ఈ ఆవరణలోనే, శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో మొదలుపెట్టాడు. కళాకారులు వచ్చి తెల్లకోటు తొడుక్కుని, శాస్త్రవేత్తల పక్కన తమ చేతులతో తామే కణాలు పెంచడం నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు అది అక్కడ లేదు. నేను చూడ్డానికి వెళ్ళింది ఆ గోడలనే.

అక్కడ నెమళ్ళున్నాయి. ఆర్ట్స్ భవనం నడవల్లో, పిల్లలు పుస్తకాలు పట్టుకుని పోతుంటే వాటి మధ్య నుంచి తోక ఈడ్చుకుంటూ పోతున్నాయి. మన దేశపు పక్షులు, సముద్రాలు దాటి వచ్చి, కేవలం అందం కోసం అక్కడున్నాయి. ఒక మగది వానకు తడిసి నీలం నలుపయింది. నేను కూర్చున్న బెంచీ కింద ఏవో గింజలు ఏరుకుంటూ చాలాసేపు ఉంది. మెడ దగ్గర ఈకలు ఒకదాని మీద ఒకటి చేప పొలుసుల్లా అతుక్కుని, అది గొంతు కదిపినప్పుడల్లా పచ్చగా మెరిసేవి.

ప్రదర్శన ముగిశాక కాట్స్, జర్ ఏం చేసేవాళ్ళో అక్కడే కూర్చుని మళ్ళీ చదివాను. పెంచినదాన్ని బుడ్డిలోంచి బయటికి తీసి, చూడ్డానికి వచ్చినవాళ్ళను ముట్టుకోమనేవాళ్ళు. మన చేతుల మీది సూక్ష్మజీవులు తగిలితే అది చనిపోతుంది. మేము చంపేశాం అని అందరూ అనుభవించేలా చేయడం. చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. పురుగు పండి, చంద్రికల మీద, అంటే గూటి కోసం పెట్టే వెదురు తట్టల మీద, గూడు కట్టి, గూళ్ళు ఏరి మార్కెట్‌కు బస్తాలు కట్టే పొద్దున, అమ్మ రెండు చేతులతో గూళ్ళు తీసుకుని కళ్ళకద్దుకునేది. ఏమీ అనేది కాదు. నెలరోజులు అర్ధరాత్రి లేచి పురుగులకు మల్బరీ ఆకు వేసిన చేతులవి.

2012లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో డేమియన్ హర్స్ట్ అనే కళాకారుడు కిటికీలు లేని గదుల్లో సీతాకోకచిలుకలు వదిలితే, ప్రదర్శన ముగిసేలోపు 9,000కు పైగా చచ్చాయి. చచ్చినవాటి స్థానంలో కొత్తవి తెచ్చిపెట్టారు. నాకది తప్పే. పురుగులు చంపి బతికిన ఇంటిదాన్ని ఈ మాట ఎలా అంటున్నానంటే, ఆకు వేసిన చెయ్యికీ సరుకు తెప్పించిన చెయ్యికీ తేడా నాకు తెలుసు కాబట్టి. ఆ తేడా చావును రద్దు చేయదు. అదీ తెలుసు.

హైదరాబాద్‌లో చేనేత రంగంలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు పురుగును చంపకుండా పట్టు తీశారు. లోపలి పురుగు రెక్కల చిలుకగా మారి గూడు చీల్చుకుని పోయాక, మిగిలిన గూటి నుంచి దూది వడికినట్టు దారం వడికించి, అహింసా పట్టు నేయించారు. ఆ మాట విన్న ఏడాది నేనూ ఒక చేటలో గూళ్ళు అలాగే వదిలేసి చూశాను. పదిరోజులకు చిలుకలు వచ్చాయి. తెల్లగా, లావుగా, రెక్కలు టపటపలాడిస్తూ. ఒక్కటీ ఎగరలేదు. వేల ఏళ్ళు మనం పెంచి పెంచి ఎగరడం పోగొట్టాం. తినడానికి నోరు కూడా పనిచేయదు. జతకట్టి, ఒక్కో ఆడది నాలుగొందల దాకా గుడ్లు పెట్టి, వారం లోపు చేటలోనే చచ్చాయి. ఆ గుడ్లు పగిలితే వచ్చే పిల్లలకు ఆకు ఎక్కడి నుంచి తేవాలి? రాజయ్య గారి పని మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. కానీ అది చూశాక, ఎవరికీ ఏమీ కాలేదు అనే మాట ఎక్కడ విన్నా, చేట ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. జన్యువులు మార్చడం, కణాలు పెంచడం ఇవాళ్టి వింత అనుకుంటాం. ఎగరలేని చిలుకను చేసిపెట్టింది ఏ యంత్రమూ లేని మనుషులే.

తిరిగొచ్చే ముందు ఇంకోసారి గ్యాలరీకి పోయాను. పొద్దున్నే, గదిలో నేనొక్కదాన్నే. దిమ్మె మీద వంగి చూశాను. వెళ్ళొస్తానండీ అన్నాను, పైకే. కాసేపటికి ఎడమ పక్క పలక మోగింది. నా మాటకే మోగిందో, అంతకుముందే మోగబోయిందో.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ ఏడు గంటలు. పురుగులు నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడిచే నిద్ర, లేచి నాలుగురోజులైందట, ఆకు ఎంత వేసినా చాలడం లేదట.

"గూళ్ళు పాపకు చూపిస్తివా అక్కా?"

"ఇక్కడ తీసుకున్నారు రా. లోపలేముందని అడిగారు."

"ఏమని చెప్తివి?"

చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ షెడ్డులో తట్టల దగ్గర పెట్టమన్నాను. మనవరాలిని పిలిచి స్పీకర్ ఆన్ చేశాను. వేల పురుగులు ఒక్కసారి ఆకు తింటుంటే వచ్చే చప్పుడు, సన్నగా, ఎడతెగకుండా. అది వానండీ అమ్మమ్మా అంది పాప, కిటికీ వైపు చూసి. బయట నిజంగానే వాన పడుతోంది. ఏది ఏదో తెలియడానికి కిటికీ తలుపు వేశాను.