విందులో ఆ చేతిపట్టీ

2005 జనవరిలో బ్రిటన్ రాజకుమారుడు హ్యారీ ఒక మిత్రుడి మారువేషాల విందుకు నాజీ స్వస్తిక ఉన్న ఎర్రని చేతిపట్టీ కట్టుకుని వెళ్ళాడు. నాజీలు లక్షలాది యూదులను చంపిన శిబిరం ఆష్విట్జ్ విముక్తికి అరవయ్యేళ్ళు నిండే జనవరి 27కు రెండు వారాల ముందు, 13న, ‘ది సన్’ పత్రిక ఆ ఫొటోను మొదటి పేజీలో వేసింది. చేతిలో గ్లాసు, సిగరెట్, మోచేతికి పైన ఆ గుర్తు. ఆయన క్షమాపణ చెప్పాడు.

జర్మనీలో ఆ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం. బ్రిటన్‌లో అలాంటి నిషేధం లేదు, ఒకరి ఇంటి విందులోకి పోలీసులు రావాలని నేనూ కోరను. అయితే భావప్రకటనా స్వేచ్ఛ ప్రధానంగా ప్రభుత్వం నుంచి మనకున్న రక్షణే తప్ప, ఆతిథ్యమిచ్చేవారి నోరు కట్టేసే హక్కు కాదు. ‘ఇది తీసేసి లోపలికి రా’ అని గుమ్మం దగ్గరే చెప్పే అధికారం వారికి పూర్తిగా ఉంది.

మన గడపల మీద పసుపు, కుంకుమలతో దిద్దే స్వస్తిక్ వేరు, ఆ చేతిపట్టీ వేరు. ఆ గుర్తు కింద తన వాళ్ళను పోగొట్టుకున్న మనిషి అదే గదిలో ఉంటే ఏమిటన్న ప్రశ్న నన్ను వదలదు. ఆ రాత్రి అంతమంది అతిథుల్లో ఒక్కరైనా ఆయనను పక్కకు పిలిచి, ఆ పట్టీ విప్పించి ఉండాల్సింది.