చిన్నికి సర్టిఫికెట్ వచ్చింది: విజయనగరంలో బాల్ పైతాన్ రిజిస్ట్రేషన్, నా అనుభవం

నిన్న సాయంత్రం చిన్ని అనే మా పెంపుడు పాముకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. వెంటనే రింగ్ రోడ్డులో జిరాక్స్ షాపుకి వెళ్లి కలర్ ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి తెచ్చాను. పడిన అవమానం, వచ్చిన ఊరట రెండూ ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. మన ఉత్తరాంధ్రలో ఇదే పని మీద తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

చిన్ని మా ఇంట్లో ఉండే బాల్ పైతాన్. ఆడది. పశ్చిమ ఆఫ్రికా పాము, ఘనా, టోగో, బెనిన్ వైపుది. విషం లేదు. భయమేస్తే మీదకి రాదు, తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. 2021లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు పిల్లగా కొన్నాను. ఇంటి నుంచే పని చేసుకోమన్నాక నేను విజయనగరం వచ్చేశాను, అదీ నాతోనే వచ్చింది.

పాముని పెంచడం నేరం కాదా అని అందరూ అడుగుతారు. మన పొలాల్లో, కొండల్లో తిరిగే పాములైతే నేరమే. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, వీటిలో ఏదీ ఇంట్లో పెట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. బాల్ పైతాన్ మన దేశపు పాము కాదు. కానీ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో చట్టాన్ని సవరించి, ఆ ఒప్పందంలో ఉన్న జంతువులను నాలుగో షెడ్యూల్లో చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆపైన 2024 ఫిబ్రవరి 28న రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. అప్పటికే పెంచుతున్నవాళ్లకి ఆరు నెలల గడువు ఇచ్చారు, అంటే 2024 ఆగస్టు 28 వరకు. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లోగా చెప్పాలి. అంతా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లోనే. దరఖాస్తు రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారికి, అంటే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌కి వెళుతుంది.

దరఖాస్తు నింపడం పెద్ద కష్టం కాలేదు. జులైలో ఒక రాత్రి కూర్చుని పూర్తి చేశాను. కొన్నప్పుడు నేను పట్టుబట్టి బిల్లు రాయించుకున్నాను. అమ్మినతను ‘ఇవన్నీ ఎవరు అడుగుతారండీ’ అని చాలాసేపు తప్పించుకోవాలని చూశాడు. శాస్త్రీయ నామం, తేదీ, సంతకంతో బిల్లు ఇస్తేనే డబ్బులిస్తానన్నాను. ఆ ఒక్క కాగితం తర్వాత నన్ను కాపాడింది. బిల్లు ఇవ్వనివాడు ఎంత తక్కువకి ఇచ్చినా కొనకండి. వాడి దగ్గరున్నది ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో మీకు తెలియదు.

ఇంటి ఏర్పాటు గురించి కాస్త రాయాలి, ఎందుకంటే తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది అదే. నాలుగడుగుల పెట్టె, ముందు వైపు జరిపే అద్దాలు, వాటికి తాళం. ఒక చివర వేడి 31, 32 డిగ్రీలు, రెండో చివర 26 దగ్గర. పాము తన ఒంటి వేడిని తానే తయారు చేసుకోలేదు, అటూ ఇటూ జరిగి సరిచూసుకుంటుంది. అందుకే రెండు చివరలా దాక్కునే చోటు ఉండాలి. వేడి పక్కే దాక్కునే చోటుంటే భయానికి అక్కడే ఉండి మాడిపోతుంది. నేను కుమ్మరి దగ్గర చిన్న కుండలు తెచ్చి, అంచు కొట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది బోర్లించాను. షాపుల్లో వేలు పోసి కొనే ప్లాస్టిక్ గుహలకన్నా ఇవే నయం, బరువుగా కదలకుండా ఉంటాయి. కింద పరిచేది కొబ్బరి పీచు పొడి. ఉద్దానం పక్కనే ఉండగా మనం దాన్ని ఆన్‌లైన్లో తెప్పించుకోవడం ఏమిటి? కవిటి, సోంపేట వైపు వెళ్లినప్పుడు బస్తా తెచ్చుకోండి. నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, ఆరబెట్టి వాడండి. తేమ 60 శాతం దగ్గర ఉంటే చాలు. మన దగ్గర వానాకాలంలో అది దానంతటదే వస్తుంది, పైగా బూజు పట్టకుండా గాలి ఆడేలా చూసుకోవాలి. పెట్టెకి వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి, ఆ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా స్విచ్ వేయకండి, పొట్ట కాలిపోతుంది. మే నెలలో మాత్రం తంటా వేడి చేయడంతో కాదు, చల్లబరచడంతో. గది 38 దాటితే దాని ప్రాణానికే ముప్పు. ఆ నెలంతా మా ఇంట్లో కూలర్ దానిది.

తిండికి తెల్ల ఎలుకలే, ఫ్రీజర్లో పెట్టినవి, వాడే ముందు బాగా కరిగించి వెచ్చచేసినవి. వాటికి వేరే చిన్న ఫ్రిజ్ కొన్నాను, లేకపోతే అమ్మ ఇంట్లో ఉండనివ్వదు. పొలంలో పట్టిన ఎలుకని ఎవరైనా ఊరికే ఇచ్చినా పెట్టకండి. అది ఎలుకల మందు తిని ఉంటే పాము కూడా పోతుంది.

ఇక అసలు సంగతి.

దరఖాస్తు పెట్టాక, తనిఖీకి పిలుపు రాకముందు, ఒక మధ్యాహ్నం మా వీధిలో జీపు ఆగింది. నలుగురు దిగారు. ఏ ఆఫీసు వాళ్లో రాయను. గేటు దగ్గరే ఒకాయన గట్టిగా అడిగాడు:

“ఏటి బాబూ, రెండు తలల పాముందంట కదా? ఎంతకి బేరం పెట్టావు?”

రెండు తలల పాము గోల తెలియనివాళ్లకి చెబుతున్నాను. అది మన దగ్గర దొరికే ఎర్రటి ఇసుక బోవా. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. అది ఇంట్లో ఉంటే అదృష్టమని, గుప్తనిధులు చూపిస్తుందని నమ్మబలికి దళారులు లక్షల్లో బేరాలు పెడతారు. ఎవరో ఒకరు పట్టుబడ్డారని పేపర్లో వస్తూనే ఉంటుంది. పాపం ఆ మూగజీవి చేసిన నేరం తోక మొద్దుగా ఉండడం. ఆ దళారుల్లో నన్నొకణ్ణిగా లెక్కేశారు.

నేను మెల్లగానే చెప్పాను. దరఖాస్తు నంబరు ఫోన్లో చూపించాను. “ఫోన్లో కాగితం ఎవుడైనా చూపిస్తాడు” అన్నాడు. ఈలోగా వీధంతా వచ్చేసింది. ఎదురింటి పిన్ని ‘ఓలమ్మా, ఇన్నాళ్లూ పాముల వ్యాపారమా’ అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా అమ్మ మెట్ల మీద నిలబడి, “మా వాడు అలాంటోడు కాదండి, చదువుకున్నోడండి” అని ఒకే మాట మళ్లీ మళ్లీ అంటోంది. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో తలెత్తుకుని తిరిగిన మనిషి. ఆ మాట అడుక్కున్నట్టుగా అనాల్సి వచ్చింది ఆవిడకి. దాన్ని నేను మర్చిపోలేను.

పాముని తీసుకుని ఆఫీసుకి రమ్మన్నారు. ఒక్క మాట చెప్పాను. “నిన్న రాత్రే తిన్నదండి. తిన్నాక రెండు రోజులు దాన్ని కదపకూడదు, కక్కేస్తుంది. కావాలంటే ఇక్కడే చూడండి, ఫొటోలు తీసుకోండి.” వినలేదు. దిండు గలీబులో పెట్టి ముడేసి, మూతున్న బుట్టలో పెట్టి బండి మీద వెనకాలే వెళ్లాను.

అక్కడ వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన పట్టుబడ్డ టేకు దుంగలు, వాటి మీద సుద్దతో రాసిన నంబర్లు. పనిమీద వచ్చినవాళ్లందరూ నన్నూ, బుట్టనీ, దుంగల్నీ కలిపి చూసి వెళుతున్నారు. ఒకాయన ఇనప హుక్కు తెచ్చి, తీస్తాను జరగమన్నాడు. కుదరదన్నాను. నా గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను, పెరగాల్సిందే. నేనే రెండు చేతుల మీద తీసి చూపించాను. చిన్ని అప్పటికే తల లోపలికి లాక్కుని గట్టిగా చుట్టుకుపోయింది. తల కనపడటం లేదని వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది. ఒకతను తోక పట్టుకుని లాగి, “ఇదేనా రెండో తల?” అని అడిగాడు. వణుకుతోంది నేనో, అదో నాకు తెలియలేదు. ఇంకో కుర్రాడు ఈలోగా ఫొటో తీసి, ‘రెండు తలల పాముతో పట్టుబడ్డ యువకుడు’ అని రాసి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా బొబ్బిలి నుంచి మా మేనత్త ఫోన్ చేసి ఏడ్చింది.

తీరా రెండు తలలు లేవని తేలాక, పెద్దాయన వచ్చి చూసి, “ఇది కొండచిలువ పిల్ల” అన్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. కొండచిలువ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది, కేసంటూ పడితే జైలే. బిల్లు చూపించాను. ఇంగ్లీషులో ఉన్న శాస్త్రీయ నామం చదివి, “మాకివన్నీ తెలీదు, చూస్తుంటే కొండచిలువే కదా” అన్నాడు.

నన్ను బయటపడేసింది ఒక బీట్ ఆఫీసరమ్మ. ఫీల్డు నుంచి అప్పుడే వచ్చింది, ప్యాంటు మోకాళ్ల దాకా బురద. పొలాల్లోంచి కొండచిలువలని పట్టి అడవిలో వదిలిన మనిషి. నా పక్కన కూర్చుని, చిన్ని తల బయటపెట్టేదాకా ఓపిగ్గా ఆగింది. తర్వాత పెద్దాయనకి చూపించింది. “సార్, మన కొండచిలువకి తల మీద బాణం ములుకులాంటి గుర్తు ఉంటుంది. దీనికి లేదు చూడండి. దానికి లేత ఒంటి మీద ముదురు మచ్చలు, దీనికి నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు. మూడేళ్ల పామంటున్నాడు, మూడున్నర అడుగులు కూడా లేదు. మనదైతే ఈపాటికి ఎంత ఉండాలి?” అంది. మన కొండచిలువ మూడు మీటర్లు దాటుతుంది, బాల్ పైతాన్ మీటరున్నర దాటడమే అరుదు. తన ఫోన్లోనే పోర్టల్ తెరిచి నా నంబరు కొట్టి, దరఖాస్తు తెర మీద చూపించింది. అంతే, గొడవ తేలిపోయింది. ఆ పని గేటు దగ్గరే చేసి ఉండొచ్చు. ఆవిడ పేరు ఇక్కడ రాయను గాని, ఆవిడ లాంటివాళ్లు పది మంది ఉంటే ఆ శాఖ ఎక్కడో ఉండేది.

చీకటి పడ్డాక వదిలారు. పొరపాటయిందని ఒక్కరూ అనలేదు. పిలిపించినట్టు, పంపించినట్టు కాగితం ఇమ్మన్నాను, ఇవ్వలేదు. మర్నాడే జరిగిందంతా రాసి, పై అధికారి పేరిట ఉత్తరం ఇచ్చి, నా కాపీ మీద స్టాంపు వేయించుకునేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. మీరూ అంతే చేయండి. ఆఫీసుల్లో నోటి మాటకి విలువ లేదు, స్టాంపు పడ్డ కాగితానికే ఉంటుంది.

ఇంటికొచ్చాక ఆ రాత్రే చిన్ని తిన్న ఎలుకని కక్కేసింది. సగం అరిగి, జిగురుగా, గది నిండా ఆ వాసన. పాముకి ఇది మామూలు వాంతి కాదు. పొట్టలోని ఆమ్లం గొంతునీ నోటినీ కూడా దెబ్బతీస్తుంది. ఇలా జరిగితే కంగారుపడి వెంటనే మళ్లీ పెట్టకండి. కనీసం రెండు వారాలు ఖాళీ కడుపుతో ఉంచి, ఎప్పుడూ పెట్టేదానిలో సగం సైజుది పెట్టాలి. మాది అంతకన్నా చాలా రోజులు ముట్టలేదు. కుండలోంచి బయటికి రాలేదు. బాల్ పైతాన్లు మామూలుగానే నెలల తరబడి ఉపవాసం ఉంటాయని తెలుసు. తెలిసినా, వంటింటి త్రాసు మీద వారం వారం తూచి, అంకె తగ్గుతుంటే నాకు అన్నం సహించలేదు. సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతికే ప్రాణి ఇది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఒకటి 60 ఏళ్లు దాటాక 2020లో గుడ్లు కూడా పెట్టింది. అన్నేళ్లు బతకాల్సినదాన్ని తోక పట్టుకు లాగితే ఎవరికి నొప్పి?

అసలు తనిఖీ తర్వాత మర్యాదగానే జరిగింది. ముందు ఫోన్ చేసి వచ్చారు, పెట్టె, తాళం, థర్మామీటర్ చూశారు, టీ తాగి వెళ్లారు.

నాగుల చవితికి ఎదురింటి పిన్ని గిన్నెలో పాలు పట్టుకుని వచ్చింది, ‘చిన్నమ్మకి పోస్తాను బాబూ’ అంటూ. కూర్చోబెట్టి చెప్పాను, పాములు పాలు తాగవు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తాయి అని. ఆవిడ విన్నది. ఆ పాలతో మా అమ్మ టీ పెట్టింది. దేవుడని పాలు పోసే చేత్తోనే ఇంట్లోకొస్తే కర్ర పట్టుకుంటాం. ఈ రెండూ మానేసి దాన్నొక జీవంగా చూస్తే చాలు.

ఇప్పుడు చిన్ని తింటోంది, బరువు మళ్లీ కిలో దాటింది. నియమాల ప్రకారం చేతులు మారినా, చనిపోయినా కూడా తెలియజేయాలి కాబట్టి కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టాను: బిల్లు, దరఖాస్తు, స్టాంపు పడ్డ ఉత్తరం, సర్టిఫికెట్. పెట్టె మీద ఒక కాపీ అంటించాను. కాలనీ గ్రూపులో సర్టిఫికెట్ ఫొటో రాత్రే పెట్టాను. ఆ కుర్రాడు మాత్రం తన పాత మెసేజ్ ఇంతవరకు తీయలేదు. తీసేదాకా అదే గ్రూపులో రోజూ అడుగుతాను.